ఎనిమిదో గీత

పాతికేళ్లుగా నేను పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నాను. పెద్ద కష్టమైన పనేం కాదు. పిల్లని బల్ల మీద పడుకోబెట్టాలి. కదలకుండా చూడాలి. గోడ వెనక్కి వెళ్లి మీట నొక్కాలి. ఆ తర్వాత వచ్చిన బొమ్మని డాక్టరుకి పంపించి నోరు మూసుకోవాలి. ఈ నాలుగు పనుల్లో మొదటి మూడూ నాకు మొదటి నెలలోనే వచ్చేశాయి. నాలుగోది నేర్చుకోవడానికే పాతికేళ్లు పట్టింది.

ఈ ఉద్యోగంలోకి కూడా నా ప్రతిభ వల్ల రాలేదు. అంతకుముందు ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ని. నేను తీసిన ఫోటోల్లో సగంమంది కళ్లు మూసుకుని ఉండేవారు. మిగతా సగం ఎందుకు తెరిచామా అన్నట్టు ఉండేవారు. ఓనరు ఓపిగ్గా ఏడాది చూసి, బాబూ నీకు దణ్ణం అన్నాడు. అప్పుడు మా ఆవిడ అక్క, అంటే మా వదిన, ఈ ఆసుపత్రిలో నర్సు. "మనుషుల్ని బయట నుంచి తీయడం నీకు చేతకావట్లేదు గానీ, లోపల నుంచి తీయడం నేర్చుకో. ఎముకలకి కళ్లు మూసుకునే బెడద లేదు," అంది. తనే నన్ను కోర్సులో చేర్పించింది, తనే ఇక్కడ చెప్పి పెట్టించింది. ఆ మాట ఆవిడ మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు. వదినకి తెలియనిది ఒక్కటైనా నాకు తెలుసని నిరూపించాలనే దురద నాకు అక్కడే అంటుకుంది.

నా గది కింది అంతస్తులో ఉంటుంది. కిటికీ లేదు. పిల్లలు భయపడతారని గోడ మీద నేనే ఒక జిరాఫీ బొమ్మ వేశాను. మెడ వేసేసరికి గోడ అయిపోయింది కాబట్టి దాన్ని కొంచెం వంచాల్సి వచ్చింది. పిల్లలు దాన్ని గుర్రం అంటారు, మరీ చిన్నవాళ్లు కుళాయి అంటారు. భయం మాత్రం పోయింది, నవ్వొచ్చాక భయం ఎక్కడుంటుంది. నా జోకులూ ఆ జిరాఫీ లాంటివే. వేసేదొకటి, తేలేదొకటి.

సూపర్వైజరుని మొదటిసారి చూసినప్పుడు తనకి ఐదేళ్లు. పుట్టుకతోనే ఎముకలు పెళుసు. లక్షమందిలో ఏ కొద్దిమందికో వచ్చే జబ్బు. వాళ్లమ్మ ఎత్తుకుని తీసుకొచ్చింది. నేను చేతులు చాచగానే ఆ పిల్ల, "చంకల కింద పట్టుకోకండి. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి తొడల కింద పెట్టండి. కాలు విడిగా లాగొద్దు. మీకు వచ్చా?" అంది. ఇరవై మూడేళ్ల సర్వీసున్నవాణ్ని, రాదండీ నేర్పండి అన్నాను. నేర్పింది. ఆ రోజు నుంచి సూపర్వైజరు గారూ అనే పిలిచేవాణ్ని. తను నన్ను ఎక్స్‌రే మావయ్య అనేది.

ఇంట్లో తల్లీకూతుళ్లు ఇద్దరే. తల్లి ఒక లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నిలబడి పని, మధ్యలో కూతుర్ని బడికి మోయడం, బడి నుంచి మోయడం, ఆసుపత్రికి మోయడం.

మూడు నెలలకోసారి పిల్లని మూడు రోజులు పైన వదిన వార్డులో ఉంచి, సెలైన్‌లో మందు కలిపి మెల్లిగా ఎక్కించేవారు. ఆ మందేమిటో డాక్టరు గారు చెబితే వాళ్లమ్మకి అర్థం కాలేదు. మర్యాదకి తలూపాను గానీ నాకూ కాలేదు. వదిన చెప్పింది. "మన ఎముకలో ఒక పక్క కట్టేవాళ్లుంటారు, ఒక పక్క పాతదాన్ని కూల్చేవాళ్లుంటారు. నీ కూతురి ఎముకలో కట్టేవాళ్లు వాడే సరుకే నాసిరకం. సరుకు మార్చే మందు ఇంకా రాలేదమ్మా. కూల్చేవాళ్ల చేతులు కట్టేసే మందు వచ్చింది. గోడ మంచిది కాకపోయినా, కూలేది తక్కువైతే మందంగా నిలబడుతుంది." మొదటిసారి ఎక్కించినప్పుడు రెండు రోజులు జ్వరం కాసింది, ఒళ్లంతా నొప్పులు. అలాగే ఉంటుంది, రెండోసారికి ఉండదు అని వదిన తల్లి పక్కన కూర్చుని చెప్పింది. రెండోసారికి లేదు. ఏడాది తిరిగేసరికి, ఏటా ఐదారుసార్లు విరిగే పిల్లకి ఒక్కసారే విరిగింది. నా గదికి రావడం తగ్గింది. నా దగ్గరికి రాకపోవడమే శుభవార్త అయిన ఉద్యోగం నాది.

ఆ మందుకి ఒక చిత్రమైన గుణం ఉంది. ఎక్కించినప్పుడల్లా ఎముక పెరిగే అంచున సన్నటి తెల్లగీత పడుతుంది. తర్వాత ఎముక పెరిగేకొద్దీ ఆ గీత అంచు నుంచి దూరం జరుగుతుంది, అంచున కొత్తది పడుతుంది. మోకాలి ఎక్స్‌రే తీస్తే ఒకదాని పక్కన ఒకటి వరసగా కనిపిస్తాయి. ఎన్ని గీతలుంటే అన్నిసార్లు మందు ఎక్కినట్టు. ఇది నాకు డాక్టరు గారు మాటవరసకి ఒక్కసారి చెప్పారు. నేను వందమందికి చెప్పాను, నేనే కనిపెట్టినట్టు. సూపర్వైజరుకి కూడా నేర్పాను. తెర మీద వేలు పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, సరిపోయిందండీ, పంపించండి అనేది.

ఏడోసారి మందుకి ముందు ఆ పిల్ల పాదం నొప్పని వచ్చింది. ఏమీ విరగలేదు. వాళ్లమ్మ బల్ల మీద పడుకోబెట్టి నడుం పట్టుకుని నిటారుగా లేవడానికి ఒక నిమిషం పట్టింది. ఆవిణ్ని నవ్విద్దామని నేను, "సూపర్వైజరు గారు బరువెక్కుతున్నారు. ఇంకో రెండు కిలోలు పెరిగారంటే తర్వాతి ఎక్స్‌రే మీ అమ్మ నడుముకే," అన్నాను. తల్లి నవ్వింది. పిల్ల నవ్విందో లేదో చూడలేదు, మీట నొక్కడానికి వెళ్లిపోయాను.

తొమ్మిదోసారి మందుకి వచ్చినప్పుడు ఏడాది లెక్కన మోకాలి ఎక్స్‌రే తీయాలి. సరిగ్గా ఆ పొద్దునే వదిన కొత్తగా చేరిన నర్సుల్ని నా గదికి తీసుకొచ్చి, "ఈయన మా మరిది. ఫోటోలు తీస్తాడు," అంది. వాళ్లు నవ్వారు. పాతికేళ్ల అనుభవం ఉన్న సాంకేతిక నిపుణుణ్ని పట్టుకుని ఫోటోలు తీస్తాడంటుందా అని లోపల ఉడికిపోతూ కూర్చున్నాను. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందని ఊరికే అనలేదు.

బొమ్మ తెర మీదకి వచ్చింది. సూపర్వైజరు లెక్కపెట్టి, "ఏడు," అంది.

"మళ్లీ లెక్కపెట్టు."

"ఏడే. కావాలంటే మీరు లెక్కపెట్టండి."

నేనూ లెక్కపెట్టాను. ఏడే ఉన్నాయి. వాళ్లమ్మ, "ఎనిమిదిసార్లు ఎక్కించారు కదండీ," అంది.

అప్పుడు నేను అనాల్సిన మాట ఒకటే. డాక్టరు గారిని అడగండమ్మా. నాలుగు మాటలు కూడా లేవు. దానికి బదులు నేను కుర్చీలో వెనక్కి వాలి, "ఎముక అబద్ధం చెప్పదమ్మా. ఒకసారి ఉత్త సెలైనే వెళ్లి ఉంటుంది. పైన వార్డులో ఒక్కోసారి మందు కలపడం మర్చిపోతుంటారు," అన్నాను.

ఒక్కోసారి మర్చిపోతుంటారు. నేను ఒక్కసారి కూడా చూడలేదు, వినలేదు. వదిన సీసా మీద చీటీ అంటించి, ఇంకో నర్సు చేత చదివించి, ఇద్దరూ సంతకం పెట్టాకే మందు ఎక్కిస్తుందని నాకు తెలుసు. అయినా అన్నాను. అన్నప్పుడు హాయిగా కూడా ఉంది.

ఆ తల్లి లేచింది. కిరణాలు తగలకుండా తొడుక్కున్న సీసపు కోటు విప్పి వంకెకి తగిలించింది. కూతుర్ని ఎత్తుకుంది. పైకి వెళుతోందనుకున్నాను. దారిలో ఎదురైన నర్సుతో నేనన్న మాటే అనేసి ఇంటికి వెళ్లిపోయింది. మందు లేదు, రాసిన రక్తపరీక్షలు లేవు.

మధ్యాహ్నం డాక్టరు గారి గదిలో నాకు పెళ్లి జరిగింది. వదిన ఎనిమిది కాగితాలు బల్ల మీద పరిచింది, ఎనిమిదింటి మీదా రెండేసి సంతకాలు. ఏడు గీతలే ఉన్నాయండీ అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. డాక్టరు గారు బొమ్మని పెద్దది చేసి చూపించారు. చివరి గీత మిగతావాటి కన్నా లావుగా ఉంది. అది ఒకటి కాదు, రెండు. ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

"రెండు గీతల మధ్య దూరం మందు వల్ల రాదయ్యా, పిల్ల పెరిగితే వస్తుంది. ఆ మూడు నెలల్లో ఈ పిల్ల పెరగలేదు," అన్నారు డాక్టరు గారు.

"ఆరు నెలల నుంచి బరువు ముల్లు కదల్లేదు. మందు మోతాదు బరువుని బట్టి కదా, తూచినప్పుడల్లా రాసుకుంటున్నాను. ఆకలి లేదంటోంది పిల్ల. అందుకే ఈసారి రక్తపరీక్షలు రాయించాం," అంది వదిన. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు వెళ్లి ఆ తల్లికి నిజం చెప్పి తీసుకురా," అంది.

వదిన ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తలేదు. ఆసుపత్రి నుంచి ఉత్తరం వెళ్లింది, జవాబు లేదు. కూతురికి నీళ్లు ఎక్కించి మందని చెప్పారని నమ్మిన మనిషి ఎందుకు ఎత్తుతుంది? నేను చెప్పాలి, నేనే చెప్పాలి. ఆ లాండ్రీ నేను రోజూ పనికి వచ్చే వీధిలోనే ఉంది. అందుకని నేను వీధి మార్చాను. చుట్టు తిరిగి రావడం ఒంటికి మంచిదని మా ఆవిడతో చెప్పాను. అక్కని అలా అన్నందుకు మా ఆవిడ అప్పటికే నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఇది అవసరమైన మాట కాదనుకుందో ఏమో, బదులివ్వలేదు.

రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూ పదకొండు వారాలు గడిపాను. పనేమీ లేదు. ఒక ఇస్త్రీ చేసుకునే మనిషి ముందు నిలబడి, అమ్మా నేను తెలిసీ తెలియక వాగాను అనడానికి నాకు పరువు అడ్డొచ్చింది. పరువంటే ఏమిటో, కుళాయి లాంటి జిరాఫీ వేసిన మనిషికి.

చివరికి వెళ్లింది కూడా నా అంతట నేను కాదు. ఒక రోజు వదిన నా గది తలుపు దగ్గర నిలబడింది. తిట్టలేదు. "పిల్లకి మూడు నెలలు ఆలస్యమైంది. నన్ను ఏమైనా అను, నేను పడతాను. ఆ పిల్ల పడలేదయ్యా, పడితే విరుగుతుంది," అని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే ఇంకో పదకొండు వారాలు కూర్చునేవాణ్ని.

ఆ సాయంత్రమే బొమ్మని ఫిల్ము మీద తీసుకుని వెళ్లాను. లాండ్రీ వెనక ఒక గది, అందులో ఒక మంచం, ఒక బల్ల, మడత పెట్టిన ఊరివాళ్ల బట్టల దొంతరలు. పిల్ల బల్ల దగ్గర కూర్చుని ఉంది. కుడిచెయ్యి మెడకి కట్టిన గుడ్డలో ఉంది, మోచేతి కింద నుంచి ప్లాస్టరు.

"సొరుగు లాగింది. బిగుసుకుపోయి ఉంటే గట్టిగా లాగింది. నెలైంది," అంది వాళ్లమ్మ. "పక్క వీధి డాక్టరు కట్టు కట్టాడు. మీ ఆసుపత్రికి రాబుద్ధి కాలేదు."

కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను. వార్డులో ఎవరూ ఏమీ మర్చిపోలేదని, గీతలు ఎనిమిదీ ఉన్నాయని, నాకు చూడ్డం రాక ఏడన్నానని, మా వదిన మీద కోపంతో ఆ మాట కల్పించానని. చెబుతున్నంతసేపూ కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

"అప్పుడు ఎముక అబద్ధం చెప్పదన్నారు. ఇప్పుడు మీరే అబద్ధం చెప్పానంటున్నారు," అంది ఆవిడ. "ఏ రోజు మాట నమ్మాలి నేను?"

ఫిల్ము పిల్లకిచ్చాను. తను ఎడంచేత్తో దీపానికి అడ్డంగా పట్టుకుని లావు గీతని చాలాసేపు చూసింది. "రెండు ఉన్నాయమ్మా," అంది. "మధ్యలో నల్లగా దారం అంత ఉంది."

"ఎందుకలా అతుక్కున్నాయి?" అంది తల్లి.

"పిల్ల పెరగలేదంట. తిండి సరిగ్గా లేకపోతే అలా అవుతుందంట," అన్నాను.

"బడిలో కడుపునిండా పెడతారంట కదా. ఇంటికొచ్చి ఆకలి లేదంటుంది."

పిల్ల ఫిల్ముని బల్ల మీద పెట్టి అంచులు సరిచేసింది. "బడిలో కూడా తినను," అంది.

తల్లి ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీద నుంచి పెట్టె తీసి పక్కన పెట్టింది. "ఏమే?"

"ఇంకో రెండు కిలోలు పెరిగితే నీ నడుం విరుగుతుందని మావయ్య అన్నాడుగా. నాది విరిగితే మందుంది. నీకు లేదు కదా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే తినమంటావు."

ఆ గదిలో అప్పుడు నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఏడేళ్ల పిల్ల నా మాట ఒకటి పట్టుకుని దాదాపు తొమ్మిది నెలలు ఆకలిని దాచిపెట్టింది. నా జోకుని ఇంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. వాళ్లమ్మ ఏడవలేదు, నన్ను కొట్టనూలేదు. రెండోది చేసి ఉంటే బాగుండేది. కూతురి పక్కన మంచం మీద కూర్చుని, "నా నడుం నిలబడి పనిచేసి నొప్పెడుతోంది. నీ వల్ల కాదు," అంది. ఆ మాట మళ్లీ మళ్లీ అంది. పిల్ల నమ్మలేదని నాకు తెలుస్తూనే ఉంది. లెక్కలు వచ్చిన పిల్ల.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. మా ఆవిడ అంటుంది, నేను వెళ్లి అడిగినందుకు కాదు, పిల్ల నోటి మాట విన్నందుకు వచ్చారని. నిజమే. వార్డులో అందరి ముందూ వదినకి క్షమాపణ చెప్పాను. "సరే, ఆ కుర్చీ ఇటు జరుపు," అంది.

వచ్చినా వెంటనే మందు ఎక్కించడానికి వీల్లేకపోయింది. తిండి లేక పిల్ల రక్తంలో కాల్షియం తగ్గిపోయింది. అది తక్కువగా ఉన్నప్పుడు ఈ మందు ఎక్కిస్తే ఇంకా పడిపోతుంది, ప్రమాదం. ఇంకో రెండు నెలలు గుడ్లు, పాలు, కాల్షియం బిళ్లలు, విటమిన్ చుక్కలు. వదిన పిల్లని కూర్చోబెట్టి, చక్రాల కుర్చీ ఒకటి సంపాదిస్తున్నానని, ఇక మీ అమ్మ మోయక్కర్లేదని, కాబట్టి ఎంత బరువైనా పెరగొచ్చని చెప్పింది. అప్పుడు పిల్ల తినడం మొదలుపెట్టింది. మొదలుపెట్టాక ఆగలేదు. ఆ రెండు నెలల్లో బట్టలన్నీ పొట్టయిపోయాయి. తర్వాత తొమ్మిదోసారి మందు ఎక్కింది, పదోసారి, పదకొండోసారి సమయానికే ఎక్కాయి.

"వేళకి వచ్చి ఉంటే ఆ చెయ్యి విరిగేది కాదా?" అని వదినని ఒకసారి అడిగాను. లేదు, విరిగేదే అంటుందేమోనని ఆశ.

"విరిగేదేమో, విరిగేది కాదేమో. ఎవరు చెప్పగలరు," అంది. వదిన అబద్ధం చెప్పదు, ఓదార్చడానికి కూడా.

మళ్లీ ఏడాది ఎక్స్‌రే రోజు వచ్చింది. సూపర్వైజరుకి ఎనిమిదేళ్లు నిండాయి. చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ వచ్చి, బల్ల పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టేంతసేపు నిలబడి చూపించింది. వాళ్లమ్మ చేతులు చాచి పక్కనే ఉంది, ముట్టుకోలేదు. పిల్ల బరువు గురించి నేనేమీ అనలేదు. అసలు పడుకోండి, కదలకండి అన్న రెండు మాటలు తప్ప మూడోది మాట్లాడలేదు. ఒంట్లో బాలేదా మావయ్యా అని అడిగింది.

బొమ్మ వచ్చింది. వేలు పెట్టి లెక్కపెట్టింది. అతుక్కున్న రెండింటినీ ఏడు, ఎనిమిది అని విడివిడిగా లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గరికి వెళ్లే దారిలో వేలు ఆగిపోయింది. మిగతా గీతలన్నీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య మాత్రం పిల్ల వేలు అడ్డంగా పట్టేంత ఖాళీ ఉంది.

"ఇక్కడేంటి ఇంత దూరం?"

ఆ అతుకూ నాదే, ఈ ఖాళీ కూడా నాదే. డాక్టరు గారిని అడగమందామని నోటిదాకా వచ్చింది. ఈసారి మాత్రం అది నేను చెప్పాల్సిన సంగతే.

"నువ్వు మందుకి రాని రోజులమ్మా అవి. నా మాట వల్ల రాలేదు. తర్వాత తిండి తిని పెరిగావు కానీ, మందు అప్పటికింకా ఎక్కలేదు."

ఆ పిల్ల తెరకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది. ఆ ఖాళీ మీద వేలు మెల్లిగా ఈ చివర నుంచి ఆ చివరకి జరుపుతూ ఏదో లెక్క వేసుకుంది. కోపం లేదు తన మొహంలో. లెక్క తేలినప్పుడు ఉండే మొహమే.

"అయితే నా చెయ్యి విరిగింది ఇక్కడన్నమాట," అంది, వేలు వెనక్కి తెచ్చి ఎనిమిదో గీత పక్కనే ఆపి.

నాకు జోకేదీ తోచలేదు. అవునమ్మా, అక్కడే అన్నాను.